విమానం వయసు ఏళ్లలోనేనా?

సంపాదకునికి,

ఈ మధ్య విశాఖ నుంచి హైదరాబాద్ వస్తుంటే నా సీటు చేతికి టేపు చుట్టి ఉంది. పక్కనున్న పెద్దాయన ‘పాత బండిలా ఉందే’ అని దారంతా టెన్షన్ పడ్డారు. నిజానికి సీటు చిరిగితే ప్రమాదమేం లేదు. భయపడాల్సింది కంటికి కనిపించని చోట. ఎగిరిన ప్రతిసారీ లోపలి గాలి ఒత్తిడికి విమానం ఒళ్లు కాస్త ఉబ్బి, దిగాక మళ్లీ తగ్గుతుంది. అలా ఉబ్బీ తగ్గీ రేకుల్ని కలిపి బిగించే రివెట్ల దగ్గర సన్నగా పగుళ్లిస్తుంది.

1988 ఏప్రిల్ 28న హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పులో పెద్ద ముక్క గాల్లోనే ఊడిపోయింది. ఒక ఎయిర్ హోస్టెస్ చనిపోయారు. ఆ విమానం వయసు 19 ఏళ్లే. కానీ ఉప్పుగాలిలో, దీవుల మధ్య చిన్న చిన్న ట్రిప్పులతో 89 వేలకు పైగా సార్లు ఎగిరింది. ఎక్కేటప్పుడే ఒక ప్రయాణికురాలు తలుపు దగ్గర పగులు చూశారు, ఎవరికీ చెప్పలేదు. (మనమైతే చెబుతామా? చెబితే వింటారా?)

ఆర్టీసీ బస్సుకైనా తిరిగిన కిలోమీటర్లు చూస్తారు. మనం ఎక్కే విమానం ఎన్నిసార్లు ఎగిరింది, చివరిసారి పెద్ద తనిఖీ ఎప్పుడు జరిగింది అన్న రెండు వివరాలు ప్రయాణికులకు తెలిసేలా విమానాల భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఏర్పాటు చేయాలి.

– ఒక ప్రయాణికుడు, విశాఖపట్నం