అద్దెకున్నవాళ్లకూ మిద్దె ఇవ్వండి

సంపాదకులు గారికి,

ఊళ్లో ఉన్నవాళ్లు కూడా తమ కూరగాయలు తామే పండించుకోవాలని అధికారులు చెబుతున్నారు, పత్రికలూ రాస్తున్నాయి. మంచి మాటే. కానీ తిరుపతిలో మాలాంటి వాళ్లం ఎక్కడ పండించుకోవాలి? కొర్లగుంట, బైరాగిపట్టెడ సందుల్లో అద్దెకుండేవాళ్లకు పెరడు ఎక్కడిది? ఎండ తగిలే చోటల్లా ఒక్క మిద్దే. దాని తలుపుకు తాళం. ఈ ఉత్తరం ఆ తాళం గురించే.

నేను ఇంట్లో బట్టలు కుడతాను. మాది పాకాల దగ్గర పల్లె. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ అద్దె ఇళ్లే. ఇంతకుముందున్న ఇంట్లో నాలుగు కుండీలు పెట్టుకుంటామంటే, శ్లాబు కారిపోతుంది కుదరదన్నారు. ఇప్పటి ఓనరమ్మ తాళంచెవి చేతికిచ్చి, "నీళ్లు నిలవకుండా చూసుకోమ్మా, నాకూ కాస్త సిర్రాకు ఇయ్యి" అనింది. సిర్రాకంటే తోటకూర లాంటి ఆకుకూర. ఆ తర్వాత మా రెండిళ్లలోనూ ఆకుకూర కొనడం దాదాపు మానేశాం. సంగటిలోకి ఆకుకూరలతో పులగూర చేయాలంటే పైకెళ్లి కోసుకొస్తాం.

ఓనర్ల భయం ఉత్తది కాదు. అప్పు చేసి కట్టుకున్న ఇల్లది. మనుషులు తిరిగే మిద్దె చదరపు మీటరుకు 150 కిలోల బరువు తట్టుకునేలా కట్టాలని మన దేశ ప్రమాణాల్లో ఉంది. అదే చోట అడుగు లోతు మట్టి మడి కట్టి తడిపితే బరువు 500 కిలోల దాకా పోతుంది. కాబట్టి మిద్దె మీద మడులు కట్టనే కూడదు. సంచులు చాలు. మట్టి మూడో వంతు మించకుండా, తక్కినదంతా కొబ్బరి పొట్టు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపితే తేలిగ్గా ఉంటుంది. సంచుల్ని నడిమధ్యన కుప్పగా పెట్టకుండా, కింద గోడ గానీ బీము గానీ ఉన్న వరసలో, పిట్టగోడ వెంబడి ఇటుకల మీద ఎత్తి పెట్టాలి. అడుగున గాలి ఆడి శ్లాబు ఆరిపోతుంది. కింద పళ్లేలు పెట్టి నీళ్లు నిలవనిస్తే దోమలు గుడ్లు పెడతాయి, అదొక్కటి జాగ్రత్త.

మన ఊరి కాలం కూడా తెలుసుకుని పెట్టుకోవాలి. మనకు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో. అప్పుడు ఆకుకూర నారు కుళ్లిపోతుంది. వానలు వెనకబట్టాక నాటితే టమోటా, వంకాయ మార్చి దాకా బాగా కాస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే టమోటా పూత రాలిపోతుంది. అప్పుడు గ్రీన్ నెట్ కింద సిర్రాకు, బచ్చలి, పొన్నగంటి వేసుకోవచ్చు. సిర్రాకు చల్లిన నెల లోపే కోతకు వస్తుంది. జూలై, ఆగస్టుల్లో వచ్చే ఆడికృత్తిక పండగ తర్వాత అనప (చిక్కుడు జాతి) గింజలు పెట్టి పిట్టగోడ మీదికి పాకిస్తే, సంక్రాంతికి పితికిపప్పుకు కాయలుంటాయి. అనపకాయ వలిచి, నానబెట్టి, పప్పు పితికే పని మా పిల్లలకు మిద్దె తోట వల్లే తెలిసింది. నాకు అన్నిటికంటే సంతోషం అదే. పురుగు పడితే లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట కొడతాను. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లన్నీ పైకే.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 2021 నవంబరు వరదలప్పుడు టమోటా కిలో వంద దాటింది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్లోనే రెండు వందలకు చేరింది. అదే టమోటాను ఇంకో నెలలో ధర లేక రైతులు రోడ్డు మీద పారబోస్తారు. మిద్దె తోట వల్ల రైతు నోరు కొట్టినట్టవుతుందని కొందరంటారు, నేను ఒప్పుకోను. బియ్యం, పప్పు, ఎర్రగడ్డలు ఎలాగూ కొనాల్సిందే. సంచిలో నాలుగు వంకాయలు కాయించడానికి ఎంత పాటు పడాలో తెలిశాక నేను రైతుబజార్లో బేరమాడటం మానేశాను.

కార్పొరేషన్‌కు నా విన్నపం. తడి చెత్త వేరుగా ఇవ్వాలని 2016 నుంచీ నిబంధనలు చెబుతున్నాయి, మేమూ ఇస్తున్నాం. ఆ చెత్తతో తయారయ్యే ఎరువును చిన్న సంచుల్లో వార్డు సచివాలయాల దగ్గరే అమ్మండి. అద్దెకున్నవాళ్లకు మిద్దె వాడుకోనిచ్చే ఓనరుకు ఇంటిపన్నులో కొంతైనా తగ్గించండి. 1961 నుంచి వ్యవసాయ కళాశాల మన ఊళ్లోనే ఉంది. అక్కడి విద్యార్థులు నెలకొకసారి ఒక్కో వార్డుకొచ్చి ఏ నెలలో ఏ విత్తనం పెట్టాలో చూపిస్తే, అంతకంటే పెద్ద సాయం మాకు అక్కర్లేదు.

ఓనర్లకు ఒక్క మాట. అద్దె కాగితంలో ఒక షరతు రాయించండి: మిద్దె మీద సంచుల్లో మొక్కలు పెంచుకోవచ్చు, వాటి వల్ల శ్లాబుకు నష్టం జరిగితే అడ్వాన్సులో పట్టుకోవచ్చు అని. మేం సంతకం పెడతాం.

ఇట్లు,
అద్దె ఇంటి గృహిణి,
కొర్లగుంట, తిరుపతి