సూరత్ బావకు: బండి ఎక్కడ ఆగాలి?

ఎనుమాముల, వరంగల్

బావా,

నీ ఉత్తరం అందింది. చెల్లె మోకాలి నొప్పి తగ్గిందని చదివాక ఇంట్లో అందరి ప్రాణం కుదుటపడింది. పిల్లవాడు చదువు మీదే ఉన్నాడన్న మాట మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను.

ఐషర్ లారీ కొని, చీరల బేళ్లు ఓడ మీద సముద్రం దాటించి భావనగర్ దాకా తోలుతున్నావంటే భలే సంతోషమైంది. మనకు తెలిసిన రేవంటే కాళేశ్వరమే కదా. వంతెన రాకముందు గోదావరి మీద సిరొంచకు పడవలో పోయేవాళ్లం. మనుషులు, మూటలు, రెండు సైకిళ్లు ఎక్కితే పడవ నిండేది. ఇప్పుడు నువ్వు లారీతో సహా ఓడ కడుపులోకి పోతున్నావు! మీ సూరత్ పక్కనున్న హజీరా నుంచి భావనగర్ దగ్గరి ఘోఘాకు 2020 నవంబరులో ఆ రోరో ఫెర్రీ, అంటే బండ్లు నేరుగా ఎక్కి దిగే ఓడ, మొదలైనప్పుడు పేపర్లో చదివాను. రోడ్డున 370 కిలోమీటర్లు తిరిగిపోయే దారి సముద్రం మీద 90 అయిందనీ, పది పన్నెండు గంటల పని నాలుగు గంటల్లో అవుతుందనీ రాశారు.

అయితే నీ ఉత్తరంలో ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ఓడ ఎక్కడ తప్పిపోతుందోనన్న టెన్షన్‌తో మూడు గంటల ముందే వెళ్లి కూర్చుంటున్నానని రాశావు చూడు, అక్కడ. నువ్వొక్కడివే కాదు, ప్రతి డ్రైవరూ అట్లాగే అనుకుంటాడు. మూడు గంటల తర్వాత ఉండాల్సిన బండ్లన్నీ ఇప్పుడే రోడ్డు మీద ఉంటాయి. ఏ రేవు దగ్గరైనా జామ్‌కు సగం కారణం ఈ భయమే అని నా నమ్మకం.

ఇక్కడ మా ఎనుమాముల మార్కెట్‌లో ఇప్పుడు మిర్చి సీజన్. ఏటూరునాగారం, భూపాలపల్లి, నర్సంపేట, మహబూబాబాద్ వైపు నుంచి డీసీఎంలు, ట్రాలీ ఆటోలు, ట్రాక్టర్లు రాత్రికి రాత్రే వచ్చి మార్కెట్ గేటు ముందు లైను కడతాయి. జెండా పాట, అంటే పొద్దున మొదటి వేలం, అయిపోతే ధర పడిపోతుందేమోనని రైతు భయం. నిన్న రాత్రి మా సేటు పంపితే గేటు దాకా నడిచి వెళ్లాను. ఒక పెద్దాయన ముక్కుకు తువ్వాలు చుట్టుకుని బస్తాల మీదే ఒరిగి ఉన్నాడు. ముందు బండి రెండు గజాలు కదలగానే డ్రైవర్ ఇంజను స్టార్ట్ చేసి జరిపాడు, మళ్లీ ఆపాడు. ఆ రెండు గజాలు వదిలితే మధ్యలో ఇంకో ఆటో దూరుతుంది. అందుకే ఎవరూ కన్ను మూయరు. గేటు దగ్గర బండి నంబరు, ఊరు, అడ్తి (కమీషన్ వ్యాపారి) పేరు, బస్తాల లెక్క చిట్టీలో రాస్తారు. ఒక్కో బండికి నిమిషం అనుకో, మూడొందల బండ్లకు 5 గంటలు. అదే పని 20 సెకన్లలో అయితే గంటా నలభై నిమిషాల్లో అన్నీ లోపలికి పోతాయి. రోడ్డు ఒక్క అడుగు కూడా వెడల్పు చేయక్కర్లేదు.

గుమాస్తా పనిలో పుట్టిన ఈ పిచ్చితోనే నీ ఉత్తరం వచ్చాక రేవుల గురించి వెతికి వెతికి చదివాను. మార్కెట్ కన్నా రేవు కష్టం పెద్దది. ఓడ వచ్చిందంటే వందల బండ్లను ఒక్కసారిగా ఊరి మీదికి వదులుతుంది. అదే సమయానికి ఎక్కాల్సిన బండ్లు ఎదురు వస్తుంటాయి. రోడ్డు మీద సిగ్నళ్లేమో రోజంతా ఒకే తీరుగా వచ్చే ట్రాఫిక్‌కు లెక్క వేసి పెట్టినవి. పైగా ఓడలో బండ్లను వచ్చిన వరసలో ఎక్కించడానికి వీల్లేదు. బరువు, పొడుగు, ఎత్తు చూసి, ఓడ ఒక పక్కకు ఒరగకుండా సర్దాలి. ఆ వివరాలు ముందే తెలియకపోతే ర్యాంపు దగ్గర బండ్లను ముందుకూ వెనక్కూ తిప్పడమే సరిపోతుంది.

ఎస్టోనియాలో టాలిన్ రేవు పద్ధతి నాకు బాగా నచ్చింది. అటు ఫిన్లాండ్‌లోని హెల్సింకీకి 80 కిలోమీటర్ల సముద్రం, రెండు గంటల ప్రయాణం, రోజంతా ఓడలే. టికెట్ కొన్నప్పుడే బండి నంబరు ఇస్తారు. గేటు దగ్గర కెమెరా నంబరు ప్లేటు చదువుతుంది, అడ్డుకర్ర లేస్తుంది, ఏ లేన్‌లో నిలబడాలో ఎదురుగా బోర్డు మీద పడుతుంది. డ్రైవర్ దిగడు, కాగితం చూపడు, ఎవరినీ అడగడు. అవతల హెల్సింకీలో రేవు పక్కనే జనం ఉండే వీధులు. అక్కడ రేవు రోడ్డు కూడళ్లలో సెన్సర్లు పెట్టి, వచ్చే బండ్లను బట్టి సిగ్నళ్లు నడిపే ప్రయోగాలు చేశారు. ఓడ ఎప్పుడు వస్తుందో ముందే తెలుసు కాబట్టి రేవుకూ సిగ్నల్‌కూ మధ్య మాట కలిపితే చాలు. ఇంత చిన్న పని మన దగ్గరా ఎందుకు చేయకూడదు?

ఇంగ్లండ్‌లో డోవర్ కథ వేరు. అక్కడ సముద్రం సన్నగా, 33 కిలోమీటర్లే ఉంటుంది. గంటన్నరలో ఓడ ఫ్రాన్స్ చేరుతుంది. కానీ ఊరు సుద్ద కొండలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది. 2015 ఎండాకాలంలో అవతల ఫ్రాన్స్‌లోని కాలే రేవు వైపు సమ్మె వచ్చి ఓడలు ఆగితే, ఇవతల ఎం20 రోడ్డు మీద వేల లారీలు బారులు తీరాయి. పెద్ద రోడ్డునే పార్కింగ్ చేసి పెట్టాల్సి వచ్చింది. డ్రైవర్లు క్యాబిన్లలోనే పడుకున్నారు. ఆ ఏడాదే అక్కడ ఇంకో పద్ధతి కూడా పెట్టారు. రేవు నిండితే లారీలన్నీ ఎడమ లేన్‌లోకి రావాలి, గంటకు 40 మైళ్లు దాటకూడదు. ఊరికి ముందే సిగ్నల్ దగ్గర ఆపి, లోపల చోటు ఖాళీ అయినకొద్దీ వదులుతారు. ఊళ్లో వాళ్లకు బడికీ ఆసుపత్రికీ పోయే దారి మిగులుతుంది. మన మేడారం జాతరకు బండ్లను పస్రా, నార్లాపూర్ మీదుగా పంపి, తిరిగి బయ్యక్కపేట, భూపాలపల్లి మీదుగా వదలడం వెనకా ఉన్నది ఇదే ఆలోచన. ఇరుకు చోటుకు చాలా ముందే బండికి దారి చెప్పాలి.

అయినా డోవర్‌లో 2022 జూలైలో సెలవులకు బయల్దేరినవాళ్లు కార్లలో గంటల తరబడి ఇరుక్కున్నారు. ఫ్రాన్స్ పోలీసులు పాస్‌పోర్టులు చూసేది ఓడ ఎక్కకముందు, డోవర్‌లోనే. ఆ కిటికీల దగ్గర చాలినంత మంది లేరని రేవు వాళ్లు అన్నారు. కిటికీలో మనిషి లేకపోతే కెమెరా ఏం చేస్తుంది? లైను ఎంత పొడుగుందో చూపిస్తుంది, అంతే. ఇక్కడ కూడళ్లలో కెమెరాలు పెట్టి స్మార్ట్ అని బోర్డు కట్టినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొస్తుంది.

నేను అడిగేదల్లా ఒకటే. నువ్వు సూరత్‌లో గోదాము దగ్గర బేళ్లు ఎక్కిస్తున్నప్పుడే నీ ఫోనుకు మెసేజ్ రావాలి: ‘ఓడ నలభై నిమిషాలు ఆలస్యం, నీ చోటు నీకుంది, ఫలానా టైముకు బయల్దేరు.’ ఆ మాట నిజమని నాలుగైదుసార్లు నీకు రుజువు కావాలి. అప్పుడు ఇంట్లో తిని, కాసేపు నడుం వాల్చి వెళ్తావు. రోడ్డు మీద మూడు గంటలు ఉండవు. ముందే వచ్చిన బండికి ఊరి బయట నీడ, నీళ్లు, మరుగుదొడ్డి ఉన్న స్థలం ఉండాలి, అక్కడికి పిలుపు రావాలి. డ్రైవర్ కూడా మనిషే కదా బావా.

దీనికి కొత్త యంత్రాలు కుప్పలుగా కొననక్కర్లేదు. 2021 ఫిబ్రవరి నుంచి ఫాస్టాగ్ తప్పనిసరి కదా, నీ అద్దం మీద స్టిక్కర్ ఉండే ఉంటుంది. టోల్ గేటు దగ్గర చదివే ఆ స్టిక్కర్‌ను రేవు గేటు దగ్గరా చదవొచ్చు. అయితే ఆ లెక్క ఓడ ఎక్కించడం వరకే వాడాలి, నువ్వు ఎక్కడెక్కడ తిరిగావో ఎవరికీ అమ్ముకోకూడదు.

ఇట్లా ముందే టైము కేటాయించడాన్ని స్లాట్ అంటారు, ఆ మాట అనగానే ఇక్కడ రైతులు ఉలిక్కిపడతారు. 2025లో పత్తి అమ్మకానికి, పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ, కపాస్ కిసాన్ యాప్ తెచ్చింది, స్లాట్ బుక్ చేసుకుని రావాలి. ఆలోచన మంచిదే. కానీ స్మార్ట్ ఫోను లేని రైతు ఎవరినో బతిమాలి బుక్ చేయించుకోవాలి. వాన పడితే, బండి దొరక్కపోతే స్లాట్ పోతుంది. కాబట్టి రేవైనా, మార్కెట్టయినా, మామూలు ఫోనుకు మన భాషలో కాల్ రావాలి. ఆలస్యమైన బండిని తరువాతి ఓడకు మార్చాలి గానీ డబ్బు పోయిందని వెనక్కి పంపకూడదు. ఈ దయ లేకపోతే మళ్లీ అందరూ మూడు గంటల ముందే వస్తారు.

వచ్చే ట్రిప్పు నుంచి ఒక పని చెయ్యి బావా. రేవుకు ఎప్పుడు చేరావు, గేటు ఎప్పుడు దాటావు, ర్యాంపు ఎప్పుడు ఎక్కావు, ఈ మూడు టైములూ రాసిపెట్టు. పక్క బండ్ల వాళ్లనూ రాయమను. ఒక నెల లెక్క చేతిలో ఉంటే టెర్మినల్ ఆఫీసులో కూర్చుని మాట్లాడొచ్చు. నాకూ ఒక కాపీ పంపు, ఎక్కడ ఆగుతోందో లెక్క కట్టి రాస్తాను.

మా పక్కింటి అబ్బాయి బుధవారం నవజీవన్ రైల్లో సూరత్ వస్తున్నాడు. చపాట మిర్చి రెండు కిలోలు ఇచ్చి పంపుతున్నాను. రంగు ఎక్కువ, కారం తక్కువ, పచ్చడికి బాగుంటుందని చెల్లెకు చెప్పు. స్టేషన్‌కు నువ్వు వెళ్తావో, పిల్లవాణ్ణి పంపుతావో ముందే ఫోన్ చెయ్యి.

నీ
బావ