సున్నం గీత కూడా చెరగలేదు

అద్దంకి,
ఆదివారం, రాత్రి పదిన్నర.

ఒరేయ్ మామా,

తిట్టేదేమన్నా ఉంటే ముందే తిట్టేసెయ్. సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం వినాయక చవితి దాటాక రాస్తున్నా. "ఫోన్లో నీ సోది వినలేను, కాగితం మీద పెట్టు, తీరిగ్గా నవ్వుకుంటా" అన్నది నువ్వే కాబట్టి నేరంలో సగం నీదే. ఇంటి సంగతులు గబగబా: అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. పెద్దది గుంటూరులో ఇంటర్లో చేరింది, వారానికోసారి ఏడుస్తూ ఫోన్ చేస్తుంది, వాళ్ళమ్మ రోజూ ఏడుస్తుంది. స్లాబు కారుతోంది, మేస్త్రీ రేపంటున్నాడు. నా బరువు సంగతి అడక్కు. చెల్లెమ్మనీ పిల్లల్నీ అడిగానని చెప్పు. అయిపోయింది.

ఇప్పుడు అసలు సంగతి. మూడు రోజులుగా కడుపులో పెట్టుకుని తిరుగుతున్నా. ఇంట్లో చెబితే "మీకెందుకండీ ఊళ్ళో గొడవలు" అంది. నీకు చెప్పకపోతే నాకు అన్నం అరిగేట్టు లేదు.

గురువారం మండల స్థాయి పోటీలు. మనప్పుడు బడుల మధ్య జరిగే గ్రిగ్స్ ఆటల పోటీలంటే పూనకాలు వచ్చేవి చూడు, దానికి మనవడి వరస అనుకో. మా బళ్ళో కాదు, పక్క ఊళ్ళో. ఊరి పేరెందుకులే. ఎనిమిది బళ్ళ నుంచి రెండొందల పైన పిల్లలు. షామియానా, మైకు, టేబులు మీద వరసగా కప్పులు. మూడున్నరకి ముఖ్య అతిథి రావాలి. ఏర్పాట్లన్నీ అక్కడి పెద్దాయన చేతిలో. మనిషి చెడ్డవాడు కాదు, కానీ ఆయనకి ఆటలంటే బహుమతి ప్రదానమే.

రెండున్నరకి పడమట మబ్బు లేచింది. ఊరికే నల్లమబ్బైతే నేనూ పట్టించుకునేవాణ్ణి కాదు. ఇది అడుగున కాటుక, పైన పిండి ఆరబోసినట్టు తెలుపు. ఆ తెలుపు కాస్తా కమ్మరి దాగలిలా పక్కకి సాగిపోయి ఉంది. మా నెత్తిన మాత్రం ఎండ మాడుస్తోంది. అప్పుడే ఫోన్ కొట్టుకుంది: మీ ప్రాంతంలో పిడుగులు పడే అవకాశం ఉంది, చెట్ల కింద నిలబడవద్దు అని విపత్తుల నిర్వహణ వాళ్ళ మెసేజ్. పిడుగులు ఎక్కడ పడుతున్నాయో చూపించేది, నువ్వు బలవంతాన ఎక్కించిన పూణె వాళ్ళ దామిని యాప్ తెరిచి చూశా. ఇరవై కిలోమీటర్ల గుండ్రంలో పడమటంతా చుక్కలు.

మెరిసింది. చేతిలో స్టాప్‌వాచ్ ఉంది కదా, నొక్కా. ఇరవై ఎనిమిది సెకన్లకి ఉరుము. మూడుతో భాగిస్తే తొమ్మిది కిలోమీటర్ల పైచిలుకు. ముప్పై సెకన్ల లోపు వినబడితే మైదానం ఖాళీ చేయాలి, చివరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు మళ్ళీ అడుగు పెట్టకూడదు. ఈ ముప్పై-ముప్పై మంత్రం నాకు చెప్పింది నువ్వే కాబట్టి, ఇక ముందు జరిగినవాటికి కూడా బాధ్యుడివి నువ్వే.

పెద్దాయన దగ్గరికి వెళ్ళి చెప్పా. పైకి చూశాడు. "ఎండ కాస్తుంటే పిడుగేంటి మాస్టారూ? చినుకన్నా పడనివ్వండి" అన్నాడు. పిడుక్కి చినుకుతో పనిలేదు సార్, వాన పడే చోటికి పది కిలోమీటర్ల అవతల కూడా పడుతుంది అన్నా. వినలేదు. అంకెలు చెబితే వింటాడేమో అనుకుని, "2018 ఏప్రిల్లో మన రాష్ట్రంలో పదమూడు గంటల్లో 36,749 పిడుగులు లెక్క తేలాయి సార్" అన్నా. ఆయన నింపాదిగా, "ఇది సెప్టెంబరు గదా" అన్నాడు.

మామా, ఆ మాటకి నేనేం చెయ్యాలి చెప్పు? విజిల్ ఊదా. పొడుగ్గా. మన కోచ్ సారు "నీకు పరుగు రాదు గానీ ఊపిరి ఉందిరా నత్తా" అనేవాడే, ఆ ఊపిరి. మైకులో చెబుదామని చెయ్యి పెట్టబోయి, మైదానం అంతా పరిచిన ఆ వైరు చూసి వెనక్కి తీసుకున్నా. మళ్ళీ ఊదా. నూరు మీటర్ల ఫైనల్‌కి గీత మీద కూర్చున్న పిల్లలు తలలెత్తి చూశారు.

పిల్లలు ఎటు పరిగెత్తారంటావ్? సగం మంది చింతచెట్టు కిందికి, పాతికమంది ఇనప గొట్టాల షామియానా కిందికి, మిగిలినవాళ్ళు సైకిళ్ళ షెడ్డులోకి. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకు, పక్కన గోడ లేదు. మూడూ మూడే. గొర్రెల్ని తోలినట్టు తోలాన్రా. నాతో పాటు నాలాగే ఆటలు నేర్పే ఇద్దరు కుర్ర పీఈటీలు, వాళ్ళు లేకపోతే నా వల్ల అయ్యేది కాదు. స్లాబు వేసిన తరగతి గదులు నాలుగు. కిటికీ ఊచలకి దూరంగా, గోడలకి ఆనకుండా కూర్చోబెట్టాం. ఒక ప్రైవేటు బడి బస్సు ఉంటే నలభైమందిని ఎక్కించి అద్దాలూ తలుపులూ మూయించా. డ్రైవరు, "టైర్లు రబ్బరు గదా, అందుకేనా సార్?" అన్నాడు. టైర్లు కాదయ్యా, చుట్టూ ఉన్న ఇనప రేకు, కరెంటుని పై నుంచే కిందికి దించేస్తుంది, నువ్వు మాత్రం ఇనుముని ముట్టుకోకు అన్నా. ఆ తర్వాత స్టీరింగు మీద కూడా చెయ్యి పెట్టలేదు పాపం.

లెక్క చూస్తే మా బళ్ళో ఒకటి తక్కువ.

జావెలిన్ పిల్ల. పదో తరగతి. నీకు పోయినేడాది ఫోటో పంపా, "దీని భుజం చూడరా" అని. తిరిగి చూస్తే మైదానం నట్టనడుమ, భుజాన ఆ ఇనప బరిసె నిటారుగా పెట్టుకుని, పెళ్ళికి వస్తున్నట్టు నడిచి వస్తోంది! "పడెయ్యవే!" అని అరిచా. "మన బడికి ఒకటే ఉంది సార్, ఎవరన్నా ఎత్తుకుపోతారు!" అని అక్కణ్ణుంచే అరిచింది. నేను బూతు కూడా తిట్టాననుకుంటా. అప్పుడు ఆ పిల్లేం చేసిందో తెలుసా? బడి సొమ్ము కింద పారెయ్యడం ఇష్టం లేక, వెనక్కి తిరిగి, నాలుగడుగులు వేసి, విసిరింది. ఒరేయ్, అది వెళ్ళింది చూడు! పొద్దున మొదటి స్థానం వచ్చిన పిల్ల జెండా ఉంది కదా, దాని నెత్తి మీదుగా దాటి అవతల గుచ్చుకుంది. ఆ పిల్ల చూడను కూడా చూడలేదు, లగెత్తుకుంటూ గదిలోకొచ్చి పడింది. చూసింది నేనొక్కణ్ణే. టేపు లేదు, జడ్జి లేడు. ఈ సంగతికి మళ్ళీ వస్తా.

గదిలో అరవైమంది. చిన్నవాళ్ళు ఏడుపు మొహాలు పెట్టారు. అన్నం వండే ముసలమ్మ కూడా మాతోనే ఉంది. "అర్జునా ఫల్గుణా అనుకోండమ్మా, ఏం కాదు" అంది. మా నాయనమ్మా అంతే, ఉరిమితే చాలు పది పేర్లూ గుక్కతిప్పకుండా చదివించేది. పిల్లలు మొదలెట్టారు. అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి, శ్వేతవాహన, బీభత్స, విజయ, కృష్ణ, సవ్యసాచి, ధనంజయ. వింటూ వింటూ స్టాప్‌వాచ్ చూశా మామా. పేరుకో సెకను! కొంచెం నిదానంగా అంటే సరిగ్గా సెకను.

"ఆగండ్రా. మెరిసినప్పుడు మొదలెట్టండి, ఉరిమినప్పుడు ఆపండి. ఏ పేరు దగ్గర ఆగారో చెప్పండి" అన్నా. ఒక చుట్టు పూర్తయితే మూడు కిలోమీటర్ల చిల్లర. అంతే, ఏడుపులు పోయాయి. అరవైమందీ కిటికీ వైపు చూస్తూ మెరుపు కోసం ఎదురుచూడ్డమే! పేర్లు రాని బుడ్డోడొకడు వేళ్ళు ముడుస్తున్నాడు. మొదటిసారి రెండు చుట్లు తిరిగి కిరీటి. ఎనిమిది కిలోమీటర్లు. తర్వాత ఒక చుట్టు మీద విజయ. తర్వాత ధనంజయ దగ్గరే ఆగారు. "సార్, దగ్గరికొస్తోంది" అని నెమ్మదిగా అన్నాడొకడు. తర్వాత శ్వేతవాహన. ఇక ఎవరూ నవ్వడం లేదు. ఆ తర్వాత తెల్లగా మెరిసింది, గది గోడలు కూడా తెల్లబడ్డాయి. అర్జున, ఫల్గుణ, పార్...

థ అనలేదు.

మూడు సెకన్లు కూడా లేవు. గచ్చు అదిరింది. అప్పుడు నాకు ఎవడు గుర్తొచ్చాడో నీకు చెప్పక్కర్లేదు. కుడిచెవిగాడు. మన ఆటల రోజుల్లో పిడుగు తగిలి గోల్‌పోస్టు పక్కన వాడు పడిపోతే "ముట్టుకోకండ్రా, ఒంట్లో కరెంటుంటుంది" అని అందరూ అరుస్తుంటే, నువ్వొక్కడివే వెళ్ళి గుండె మీద చేతులు పెట్టి నొక్కావ్. పిడుగు తగిలినవాడి ఒంట్లో కరెంటేమీ మిగలదని, ఊపిరి ఆగినవాణ్ణి వెంటనే పట్టుకుంటే బతికే అవకాశం ఉందని మనకి తర్వాత కదా తెలిసింది. నీకెలా తోచిందిరా ఆ రోజు? ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు. ఎందుకు అడగలేదంటే... ఆ అరిచినవాళ్ళలో నేనూ ఉన్నా మామా. అందరికంటే గట్టిగా అరిచింది నేనే. వాడు మొన్న పెళ్ళిలో కనబడి, ఎడమ వైపు నుంచి పిలిస్తే పలక్కుండా వెళ్ళిపోయాడు, గుర్తుందా, మనం నవ్వాం. నేను నవ్వా గానీ...

సరే, వదిలెయ్.

తర్వాత వెనక్కి మళ్ళింది. బీభత్స, సవ్యసాచి, చుట్టున్నర, రెండు చుట్లు. చివరి ఉరుము దగ్గర వాచ్ మళ్ళీ సున్నా చేశా. ఇరవై ఆరో నిమిషంలో ఎక్కడో సన్నగా "గుర్ర్" మంది. మళ్ళీ మొదటి నుంచి ముప్పై. పిల్లలు కూడా తల పట్టుకున్నారు. ఈలోపు ముఖ్య అతిథి కారు దిగాడు, ఖాళీ షామియానా చూశాడు, పది నిమిషాలు కారులో కూర్చున్నాడు, వెళ్ళిపోయాడు. (కారులో కూర్చోవడం మంచి పనే. అద్దాలు ఎత్తి ఉన్నాయి, చూశా.)

మొత్తం గంటా పదిహేను నిమిషాలు. బయటికొస్తే ఏముంది? ఎండ. ఒక్క చినుకు లేదు. పిడుగెక్కడ పడిందో ఎవరికీ తెలియదు, మైదానంలో మాత్రం పడలేదు. నా మాట నిలబెట్టడానికి ఒక తాటిచెట్టు కూడా మాడలేదు. పెద్దాయన ట్రాక్ దగ్గర నిలబడి, చెప్పు కాలితో చూపించి, "సున్నం గీత కూడా చెరగలేదు మాస్టారూ" అన్నాడు. చుట్టూ అందరూ నవ్వారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, ఎక్కడో ఉరిమింది గానీ పడ్డది మాత్రం నా మీదే. పోటీలకి అంతరాయం కలిగించినందుకు సోమవారం లోపు రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలట. సోమవారం అంటే రేపే! నేను చెయ్యాల్సింది అది రాయడం. చేస్తున్నది ఇది.

ఏం రాయమంటావ్? 2022లో దేశంలో పిడుగుపాటుకి పోయినవాళ్ళు 2,887 మంది అని రాయనా? అంకెలు చూస్తే "ఇది 2022 కాదు గదా" అంటాడేమో. అర్జున, ఫల్గుణ, పార్ దగ్గర ఆగామని రాస్తే ఉద్యోగం పీకేస్తారు. నీ గురుకులంలో ఇలాంటివాటికి ముందే కాగితం మీద పద్ధతి రాసి గోడకి అంటించావని చెప్పావు కదా, ఎవరు ఊదాలి, ఎవరు లెక్కపెట్టాలి, ఏ గదిలోకి వెళ్ళాలి అని. దాని ఫోటో పంపు. వెంటనే పంపు. ఊదేవాడి మాటకి పైన ఎవరూ అడ్డు చెప్పకూడదని అందులో ఉందా? అది లేకపోతే మిగతాదంతా దండగ.

అన్నట్టు జావెలిన్. అందరూ సర్దుకునే హడావిడిలో అటు వెళ్ళి చూశా. బరిసెని ఎవరో పీకి చింతచెట్టుకి ఆనించారు, కానీ నేలలో గుంట ఉంది. చేతిలో టేపు లేదు, అడుగులతో కొలిచా. ఎనభై మూడు అడుగులు. నా అడుగెంతో నీకు తెలుసు కాబట్టి నవ్వకు. పొద్దున మొదటి జెండాకి డెబ్భై నాలుగు. ఎవరికీ చెప్పలేదు, చెబితే దానికీ సంజాయిషీ అడుగుతారు. శుక్రవారం ఆ పిల్ల స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడి, "సార్, నేను విసిరింది లెక్కలోకి రాదా?" అంది. విజిల్ ఊదాక వేసినది కాబట్టి రాదు. అది నాకూ తెలుసు, దానికీ తెలుసు. నేనేమన్నానంటే

కరెంటు పోయింది. ఫోన్ లైటులో రాస్తున్నా, అక్షరాలు నీవాటిలా తయారవుతున్నాయి. పన్నెండు దాటింది, సంజాయిషీ మొదటి వాక్యం కూడా లేదు. పొద్దున్నే డబ్బాలో వెయ్యాలి ఇది. మిగతాది మళ్ళీ రాస్తా, ఒట్టు. ఆ కాగితం ఫోటో మర్చిపోకు

నీ
నత్త