సీసం ఊడిన అరకిలో రాయి

తెనాలి,
ఆదివారం రాత్రి

చిట్టితల్లీ,

మధ్యాహ్నం నువ్వు ఫోన్ చేసినప్పుడు కొట్లో నలుగురున్నారు, అందుకే తర్వాత మాట్లాడతానని పెట్టేశాను. సాయంత్రం ఫోన్ తీసి కూడా చేయలేకపోయాను. మాట్లాడుతుంటే మధ్యలో నువ్వు "ఇప్పుడందరూ ఇంతే నాన్నా" అంటావు, నేను సరేలే అనేస్తాను. ఆ భయంతోనే కాగితం తీశాను. ఈ రోజుల్లో ఉత్తరమేమిటని మీ అమ్మ నవ్వుతోంది.

సంగతి నాకు అర్థమైంది. అమీర్‌పేటలో ఆ కన్సల్టెన్సీ వాళ్లు నువ్వు చేయని మూడేళ్ల ఉద్యోగాన్ని ఎక్స్‌పీరియన్స్‌గా పెట్టిస్తామంటున్నారు. పేస్లిప్పులు, రిలీవింగ్ లెటరు వాళ్లే ఇస్తారు, వెరిఫికేషన్‌కి ఫోన్ వస్తే ఎత్తే మనిషీ వాళ్లదే. నీ రూములో ఇద్దరు అలాగే చేరిపోయారు. నువ్వు ఎనిమిది నెలలుగా ఫ్రెషర్ అని చెప్పుకుని తిరుగుతున్నావు. పీఎఫ్ ఖాతాకుండే యూఏఎన్ నంబరు కొడితే ఆ లెక్కలో అన్నీ బయటపడతాయేమోనని నీ టెన్షన్.

బయటపడదనే అనుకుందాం. పడనివాళ్లు బోలెడుమంది. మన బజార్లో ఒకబ్బాయి అలాగే వెళ్లి, డాబా మీద ఇంకో అంతస్తు వేశాడు. మనిషీ మంచివాడే. కాబట్టి అబద్ధమాడితే చెడిపోతావని నిన్ను బెదిరించను. నాకు తెలిసింది కాటా ఒక్కటే, దాని సంగతి చెబుతాను.

ఇంటర్ అయ్యాక నేను మీ తాతయ్యతో కొట్లో కూర్చునేవాణ్ణి. అప్పుడన్నీ ఇనప రాళ్లే. రాయి అడుగున చిన్న గుంట చేసి, అందులో సీసం పోసి ఉంటుంది. తూనికలు కొలతల వాళ్లు ముద్ర కొట్టేది ఆ సీసం మీదే. ఒకరోజు అరకిలో రాయికి సీసం ఊడిపోయింది. తూచి చూస్తే ఇరవై గ్రాములు తక్కువ. నాన్నకి చెప్పాలి. చెప్పలేదు. ఆ రాయితోనే కందిపప్పు, చింతపండు తూచాను. డబ్బు మిగులుతుందని మొదలుపెట్టలేదు కానీ, మిగులుతోందని తెలిశాక మానలేదు.

ఇరవై రోజులు. అంతకుముందు ఒక చేత్తో కాటా వేస్తూ వచ్చినవాళ్లతో సినిమా కబుర్లు చెప్పేవాణ్ణి. ఆ ఇరవై రోజులు రాయి అడుగు ఎవరికంటా పడకుండా చూసుకోవడమే నా పని. ఎవరైనా పళ్లెం వైపు చూస్తే పొట్లం గబగబా కట్టేసేవాణ్ణి.

ఒక రాత్రి కొట్టు కట్టేస్తూ తాతయ్య ఆ రాయి చేతిలోకి తీసుకున్నాడు. బరువు చూసి తెలుసుకున్నాడో, గుంట తగిలిందో. తిట్టలేదు, కొట్టలేదు. ఖాతా పుస్తకం తెరిచి ఎవరెవరు అరకిలోలు తీసుకున్నారో నాచేతే రాయించాడు. మర్నాడు పొట్లాలు కట్టి, సైకిలిచ్చి ఇంటింటికీ పంపాడు, సంగతి నేనే చెప్పాలని షరతు. నగదు ఇచ్చిపోయినవాళ్లను ఎక్కడ వెతుకుతాం? వాళ్లకని ఆ నెలంతా అడక్కుండానే కొసరు వేశాడు.

వీధి చివర అరిసెలమ్మే ముసలావిడ పొట్లం తీసుకుని ఏమందో తెలుసా? "నాకు తెలుసురా అబ్బాయ్. అరకిలో పప్పు పోస్తే నా డబ్బాలో గీత దాకా రావాలి, రావట్లేదు. చెబితే మీ నాన్న నిన్ను కొడతాడని ఊరుకున్నా."

ఆవిడ నన్ను తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి.

2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ కంపెనీ వార్త వచ్చినప్పుడు నువ్వు చిన్నపిల్లవి. లెక్కల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు అసలు లేనే లేవని దాని ఛైర్మన్ రామలింగరాజు తనంతట తానే ఉత్తరం రాశాడు. చిన్న తేడాగా మొదలై ఏటేటా పెరిగిందని, పులి మీద స్వారీలా దిగే దారి తెలియలేదని అందులో ఉంది. మీ అమ్మమ్మకి గుండెనొప్పి వస్తే తీసుకెళ్లిన 108 బండి మొదలుపెట్టిందీ ఆయనే. అందుకే ఆయన్ని దొంగ అని ఒక్క మాటతో తేల్చేయడం నాకు చేతకాదు. కానీ ఆ పులి మాట చదివినప్పుడు నాకు నా ఇరవై గ్రాములే గుర్తొచ్చాయి.

నీ విషయానికొస్తే, ఆ మూడేళ్లు పెట్టుకుంటే నీకు ఒక మాట అనే వీలు పోతుంది. "నాకిది రాదండీ, ఒకసారి చూపిస్తారా?" ఫ్రెషర్ అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. మూడేళ్లు చేసిన మనిషి ఎలా అడుగుతుంది? పొట్లం దారం ఇటే ఎందుకు తిప్పాలి, బెల్లం ఎందుకు కారుతుంది అని నన్ను చంపుకుతిన్నదానివి నువ్వు. లంచ్‌లో పాత ఆఫీసు ఊసు వస్తే లేని మేనేజరుకి పేరు పెట్టాలి, ఆ పేరు గుర్తుపెట్టుకోవాలి. అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. రోజూ అతికించుకుంటూ కూర్చుంటే పని నేర్చుకునేదెప్పుడే?

ఇన్ని చెబుతున్నానుగానీ, నీచేత మొదట అబద్ధమాడించింది నేనే. నీకు పదమూడు వచ్చాక విజయవాడ బస్సులో కండక్టర్‌తో పదకొండని చెప్పి హాఫ్ టికెట్ కొట్టించాను. కిటికీ పక్కన కూర్చోబెట్టినా నువ్వు బయటికి చూడలేదు. వారధి మీద కృష్ణ నిండుగా పారుతుంటే కూడా. దిగాక అన్నావు, "నాన్నా, ఏ క్లాసు అని అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా" అని.

హాస్టల్ డబ్బు ఒకటో తారీకున వేస్తాను. కొట్టు లెక్కలు చూసే చెబుతున్నా, ఇంకో ఆరు నెలలు ఇబ్బంది లేకుండా పంపగలను, ఆ తర్వాత కొంచెం కష్టం. నిర్ణయం నీదే. ఏది చేసినా నాకు మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పు. అమ్మ గోంగూర పచ్చడి కొరియర్ చేసింది, బుధవారానికి అందాలి. పోయినసారిలా మూత ఊడి ఉంటే ఫోటో తీసి పంపు.

మీ నాన్న