ఆయా ఉంది, నర్సు ఉంది, మాట అడిగే మనిషే లేదు

సంపాదకుడు గారికి,

నమస్కారం.

మా అక్క గుంటూరు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో మూడేళ్లు ఉండి, కిందటి కార్తీకంలో కన్నుమూసింది. నెలకు 18,000 రూపాయలు తీసుకునే ఆశ్రమం అది. గదులు శుభ్రంగా ఉండేవి, భోజనం వేళకు పెట్టేవారు, వారానికి ఒకసారి డాక్టరు వచ్చి చూసేవారు. పగలు ఆయాలు, రాత్రి ఒక నర్సు ఉండేవారు. వారి మీద ఫిర్యాదు చేయడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ ఆశ్రమంలోనే కాదు, అక్కను చేర్చడానికి ముందు నేను తిరిగి చూసిన మరో ఆరింటిలోనూ లేని ఒక ఉద్యోగం గురించి రాస్తున్నాను. అది సోషల్ వర్కర్ ఉద్యోగం.

చేరిన ఐదో నెలలో అక్క చిక్కిపోవడం మొదలైంది. రక్తపరీక్షల్లో ఏమీ తేలలేదు. డాక్టరు బలానికి టానిక్ రాశారు. ఒక రోజు ఆయా పక్క దులుపుతుంటే దిండు వెనక స్టీలు డబ్బా కనిపించింది. అందులో ఎండిపోయిన ఇడ్లీలు రెండు, సగం చపాతీ ఉన్నాయి. 'పెద్దావిడకు మతి తప్పుతోంది, తిండి దాచుకుంటోంది' అని నాకు ఫోను చేశారు. అక్కకు అప్పటికి 79 ఏళ్లు. నేనూ నమ్మాను. మతిమరుపు చూసే డాక్టరు దగ్గర తేదీ కూడా తీసుకున్నాను.

ఆ రోజుల్లోనే సోషల్ వర్క్ పీజీ చదివే ఒక అమ్మాయి ఫీల్డ్‌వర్క్ కోసం వారానికి రెండు రోజులు అక్కడికి వచ్చేది. ఆ అమ్మాయి అక్కను తిండి గురించి అసలు అడగలేదు. వంటగదిలోంచి గోరుచిక్కుళ్ల పళ్లెం తెచ్చి మంచం మీద పెట్టి, ఇద్దరూ ఈనెలు తీస్తూ కూర్చునేవారట. మూడో మధ్యాహ్నం అక్క నోరు విప్పింది. మేనేజరు వరండాలో నిలబడి ఫోనులో 'రెండు నెలల బాకీ ఉంది, ఇలాగైతే ఉంచుకోలేం' అనడం ఆవిడ చెవిన పడింది. అమెరికాలో ఉన్న కొడుకు డబ్బు పంపడం మానేశాడనుకుంది. కిరాణా కొట్టులో కూడా మర్నాటికి పద్దు ఉంచని మనిషి మా అక్క. డబ్బు కట్టని తిండి ఆవిడకు గొంతు దిగలేదు. ఒక పూట పెట్టినదానిలో సగం దాచుకుని తరువాతి పూట అదే తిని, భోజనానికి పిలిస్తే ఆకలి లేదనేది. ఆశ్రమానికి రోజుకు ఒక పూట ఖర్చయినా తగ్గిస్తున్నానని ఆవిడ లెక్క.

బాకీ పడినది వేరే గదివారు. ఆ అమ్మాయి రసీదు పుస్తకం తెప్పించి అక్క పేరున్న పేజీ చూపించింది. డబ్బు సంగతులు వరండాలో మాట్లాడవద్దని మేనేజరును ఒప్పించింది. డబ్బు పంపిన రోజున తల్లికే ఫోను చేసి ఆ మాట చెప్పమని అక్క కొడుకును అడిగింది. పది రోజుల్లో అక్క మళ్లీ అందరితో పాటు కూర్చుని తినసాగింది. తోడబుట్టినదాన్ని, రెండు వారాలకు ఒకసారి వెళ్లి పక్కన కూర్చునేదాన్ని, నాకు తట్టలేదు. డాక్టరుకూ తట్టలేదు. ఎలా అడగాలో నేర్చుకుని వచ్చిన మనిషికి దొరికింది.

ఏప్రిల్‌లో ఆ అమ్మాయికి పరీక్షలు వచ్చాయి. వెళ్లేముందు తాను చూసిన ఎనిమిది మంది గురించి తలా ఒక పేజీ రాసి ఆఫీసులో ఇచ్చింది. అక్క పోయాక సామాను తెచ్చుకోవడానికి వెళితే ఆవిడ పేజీ నా చేతికి ఇచ్చారు. 'ఫీజు అందిందని ప్రతి నెలా మామ్మగారికి చెప్పాలి' అని రాసి ఉంది, దాని పక్కన నెలల గళ్లు. మార్చి వరకే టిక్కులు ఉన్నాయి.

ఈ ఉద్యోగం విలువ మనకు తెలియకపోవడానికి మాటలు కూడా ఒక కారణమని నాకు అనిపిస్తుంది. నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అమెరికాలో అదే మాటకు, ఒకరి సాయం లేకుండా గడవని వృద్ధులు ఏళ్ల తరబడి ఉండే చోటు అని అర్థం. ఇక సామాజిక కార్యకర్త అంటే మనకు పండ్లు, దుప్పట్లు తెచ్చి పంచేవారు గుర్తుకు వస్తారు. వారి మనసు మంచిదే, ఆ దుప్పటి అవసరమే. నేను చెబుతున్నది రెండేళ్ల పీజీ చదివి, శిక్షణ పొంది, జీతానికి పనిచేసే మనిషి గురించి. అనుబంధ ఆరోగ్య వృత్తుల (డాక్టర్లు, నర్సులు కాక వైద్యరంగంలో పనిచేసే మిగతావారి పనుల) కోసం 2021లో పార్లమెంటు చేసిన చట్టం మెడికల్ సోషల్ వర్కర్లను కూడా ఆ వృత్తుల జాబితాలో చేర్చింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఉస్మానియా, తిరుపతిలోని పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఈ చదువు చెబుతున్నాయి. మన ఆశ్రమాల్లో ఈ ఉద్యోగం లేనిది మనుషులు లేక కాదు, వారిని పెట్టుకోవాలని ఎవరూ అడగక.

అక్కను చేర్చిన రోజు నింపిన ఫారంలో జబ్బులు, మందులు, అడ్వాన్సు, ఫోను నంబర్లు ఉన్నాయి. ఏ పేరుతో పిలిస్తే పలుకుతుంది, తెల్లవారుజామున ఎన్నింటికి లేస్తుంది, దేనికి భయపడుతుంది, ఇక్కడికి తన ఇష్టంతోనే వచ్చిందా అన్నవి లేవు. ఆ చివరి ప్రశ్న నేనూ అడగలేదు.

ఉచిత ఆశ్రమాల్లో ఉన్నవారి కష్టం ఇంకో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 4,000 రూపాయల పింఛను ప్రతి నెలా 1వ తేదీన సొంత ఊళ్లో ఇంటి గుమ్మం దగ్గరికి వస్తుంది, మనిషేమో ఎక్కడో ఆశ్రమంలో ఉంటుంది. ఊరు చేరినా, అరిగిపోయిన వేలిముద్రలు యంత్రంలో పడవు. 70 ఏళ్లు నిండిన అందరికీ ఉచిత వైద్యం కోసం 2024 అక్టోబరులో ఆయుష్మాన్ కార్డు తెచ్చారు, ఆధార్‌లో వయసు తప్పు పడినవారికి అదీ చిక్కే. ఈ ఆఫీసుల చుట్టూ ఎవరు తిరగాలి? ముప్పై మందికి స్నానాలు చేయించే ఆయా తిరగలేదు.

ఆస్తి రాసిచ్చి ఆశ్రమానికి చేరినవారు కూడా ఉంటారు. చూసుకుంటామన్న షరతు మీద రాయించుకుని చూసుకోకపోతే, 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు రద్దు చేయమని, ఇలాంటి ఫిర్యాదులు వినే ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. దానికి వకీలును పెట్టుకోనక్కర లేదు. ఈ సంగతి వారికి ఎవరు చెబుతారు? తెలిసినా కన్నకొడుకు మీద కాగితం పెట్టడానికి తల్లికి చేయి రాదు. అక్కడ కోర్టు కన్నా ముందు ఇరువైపులా కూర్చోబెట్టి మాట్లాడించే మనిషి కావాలి.

అదే చట్టం 19వ సెక్షన్‌లో, ప్రతి జిల్లాలో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండే ఆశ్రమం గురించి ఉంది. అక్కడి సేవల ప్రస్తావన వైద్యం, వినోదంతో ఆగిపోయింది. అనాథ పిల్లల గృహాలకు మాత్రం ఒక్కొక్కరి సంగతి విడిగా చూసే కేస్ వర్కర్, కౌన్సెలర్ ఉండాలని, ఒక్కొక్క బిడ్డకు విడిగా సంరక్షణ ప్రణాళిక రాయాలని మన నిబంధనలే చెబుతున్నాయి. పిల్లలకు కావాలని ఒప్పుకున్నది వృద్ధులకు ఎందుకు అక్కర లేదు? అమెరికాలో 1987లో చేసిన చట్టం ప్రకారం, ప్రభుత్వ వైద్య పథకాల డబ్బు తీసుకునే, 120కి మించి పడకలున్న ప్రతి నర్సింగ్ హోమ్‌లో అర్హత గల సోషల్ వర్కర్ పూర్తికాలం ఉండాలి. మన పిల్లలు స్థిరపడిన దేశంలో ఉన్న రక్షణ, వారు ఇక్కడ వదిలి వెళ్లిన తల్లిదండ్రులకు లేదు.

ఆ 120 అంకె ఇక్కడ పనికిరాదు. నేను చూసిన ఆశ్రమాల్లో ఉన్నది ఇరవై, ముప్పై మందే. అందుకని నాలుగైదు ఆశ్రమాలకు కలిపి ఒక సోషల్ వర్కర్‌ను ఇవ్వాలి. ఆశ్రమాల నుంచి రుసుము తీసుకున్నా సరే, జీతం మాత్రం జిల్లాలో వయోవృద్ధుల సంక్షేమం చూసే శాఖ చేతి మీదుగా రావాలి. ఈ ఒక్క విషయంలో నేను గట్టిగా చెబుతాను. యజమాని దగ్గర జీతం తీసుకునే మనిషి, యజమాని తప్పు కనిపించిన రోజున నోరు మెదపలేదు. ఆ మనిషి రాసే నివేదిక నేరుగా ఆర్డీఓ గారికి చేరాలి. ఫీల్డ్‌వర్క్‌కు వచ్చే విద్యార్థులు ఆ సోషల్ వర్కర్ కింద పనిచేస్తే, పరీక్షలు రాగానే పని ఆగిపోదు.

దీన్ని గుంటూరు జిల్లాతోనే మొదలుపెట్టవచ్చు. ఆశ్రమాలు ఎన్ని, ఒక్కొక్కదానిలో ఎంత మంది, వారిలో ఆరు నెలలుగా ఎవరూ చూడటానికి రానివారు ఎందరు అన్న మూడు అంకెలు కలెక్టరు గారు తెప్పించి, మీ పత్రికలో ప్రకటించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
గుంటూరు