మా అమ్మకి చదివి వినిపిస్తున్న కథలు

ఎడిటర్ గారికి నమస్కారాలండి,

మీ పేపరుకి ఉత్తరం రాయడం నాకిదే మొదలు. మాది ఆమదాలవలస, పని విజయనగరంలో ఒక హోల్‌సేల్ షాపులో అకౌంట్లు చూడ్డం, రోజూ ట్రైన్లో అప్ అండ్ డౌన్. పొందూరు, చీపురుపల్లి, గరివిడి, నెల్లిమర్ల, ఈ స్టేషన్లన్నీ కళ్లు మూసుకుని చెప్పేస్తాను. ఇన్నాళ్లూ ఆ టైమంతా ఫోన్లోనే పోయేది, సంక్రాంతి తర్వాత నుంచి బ్యాగులో ఒక పుస్తకం పెట్టుకుంటున్నాను, అప్పట్నుంచి నాకు కలిగిన సంతోషం ఎవరితోనైనా చెప్పుకోవాలనిపించి ఇది రాస్తున్నాను.

ఇప్పుడు ట్రైన్లో చదువుతున్నది గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకం. స్కూల్లో ఒక ముక్క పాఠంగా వచ్చింది, బిట్లు బట్టీ పట్టాం, అంతే, మొత్తం చదవడం మాత్రం ఇప్పుడే. మొదటి రంగమే విజయనగరం బొంకులదిబ్బ దగ్గర, నేనేమో పొద్దున్న పుస్తకంలో ఆ రంగం చదివి అదే ఊళ్లో దిగి షాపుకి నడిచాను, ఆ రోజు ఊరు నాకు వేరేగా కనబడింది. అందులో మాటకారి గిరీశం మాటలకి కంపార్టుమెంట్లో నవ్వు ఆపుకోలేకపోయాను, ఎదురు సీటావిడ ఏం పుస్తకమమ్మా అని అడిగి తీసుకుని రెండు పేజీలు చదివి ఇచ్చారు.

కానీ నవ్వించేదే అనుకుంటే పొరపాటు. నా దగ్గరున్న కాపీలో గురజాడ వారి ఇంగ్లీషు ముందుమాట ఉంది, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. నాటకం మొదట ఆడింది 1892లో, అచ్చయింది 1897లో, ఇప్పుడు మనం చదువుతున్నది ఆయన 1909లో తిరగరాసింది. విజయనగరం మహారాజా వారు అప్పటి విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం, అంటే పిల్లనిచ్చినందుకు డబ్బు, తీసుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయిస్తే 1034 తేలాయట, ఒప్పుకోని వాళ్లు ఇంకెంతమందో. అందులో అయిదేళ్ల పిల్లలు 99 మంది, నాలుగేళ్ల వాళ్లు 44, మూడేళ్ల వాళ్లు 36, రెండేళ్ల వాళ్లు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆ ఏడాది వయసు పిల్లలకి రేటు 350 నుంచి 400 రూపాయలు! నేను రోజంతా లెక్కలు రాసే మనిషిని, అంకెలు చూసి కళ్లు చెమర్చడం నాకు ఎప్పుడూ లేదు, ఆ పేజీ దగ్గర మాత్రం పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఆ తర్వాత చిన్నప్పుడే విధవైన బుచ్చమ్మ కనబడ్డ ప్రతి రంగం నాకు వేరేలా వినబడింది.

రెండోది ఇంట్లో చదివేది, అసలు నేను రాయాలనుకున్నది దీని గురించే. మా అమ్మకి చదువు రాదు. పెళ్లయిన దగ్గర్నుంచి పొలం పనులే, ఊడుపులు, కోతలు, ఇప్పుడు మోకాళ్ల నొప్పులతో ఇంటి పట్టునే ఉంటోంది. ఒక రాత్రి కాళీపట్నం రామారావు మాస్టారి యజ్ఞం కథ చదువుకుంటుంటే, ఏటే అంతలా సదువుతున్నావు, నాకూ సెప్పు అంది. సరే అని గట్టిగా చదవడం మొదలెట్టాను. కథలో పంచాయితీ జరుగుతుంది కదండీ, అప్పల్రాముడు గోపన్నకి తీర్చాల్సిన బాకీ గురించి, అమ్మ దాన్ని మా వీధిలో జరుగుతున్న తగువులాగే వింది. ముందు అప్పు తీసుకున్నాక ఇవ్వొద్దేటి అంది. తర్వాత గోపన్న కూడా చితికిపోయినోడే పాపం అంది. ఇంకో రెండు రోజులు చదివాక, మరి ఆడు తీర్చలేకపోతే ఎవలి తప్పు, ఊరు బాగుపడిందన్నారు గదా, ఆడెందుకు బాగుపడ్లేదు అని నన్నే నిలదీసింది. ఆ కథ మీద పెద్దవాళ్లు ఏళ్ల తరబడి చర్చలు చేశారని విన్నాను, మా అమ్మ మంచం మీద కూర్చుని నాలుగు రాత్రుల్లో ఆ ప్రశ్న దగ్గరికే వచ్చింది.

చివరి పేజీలు చదవడానికి నాకు గొంతు రాలేదు. చదవని వాళ్ల కోసం అదేంటో ఇక్కడ చెప్పను. అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి దీపం దగ్గర కాసేపు నిలబడి పడుకుంది. తెల్లారి టీ ఇస్తూ, ఆ గుంటడి పేరేటన్నావు అని అడిగింది.

మాస్టారు మన మురపాకలో 1924లో పుట్టారు, శ్రీకాకుళంలోనే 2021లో పోయారు. తనకి వచ్చిన అవార్డు డబ్బులు పెట్టి 1997 ఫిబ్రవరి 22న శ్రీకాకుళంలో కథానిలయం మొదలెట్టారు, తెలుగులో వచ్చిన కథలన్నీ ఒక చోట ఉండాలని. అరగంట దూరంలో ఉండి కూడా నేను మొన్న మార్చిలోనే మొదటిసారి వెళ్లాను. ఆ పాత పత్రికలు, ఆ అట్టలు చూస్తుంటే గుడికెళ్లినట్టే అనిపించింది. దయచేసి మన జిల్లా వాళ్లు ఒక్కసారైనా పిల్లల్ని తీసుకుని వెళ్లండి.

మూడోది చాసో, అంటే చాగంటి సోమయాజులు గారి కథలు, ఇది మా అన్నయ్య కొడుక్కి ఇచ్చాను, తొమ్మిదో తరగతి. ఎందుకు పారేస్తాను నాన్నా ఒక్కటే చదివాడు, ఫీజు లేక బడి మానేసిన కుర్రాడి కథ. చదివి, అత్తా మా క్లాసులో కూడా ఒకడు ఇలాగే రావడం మానేశాడు, వాడింటికి వెళ్లొచ్చా అని అడిగాడు. ఆదివారం సైకిలేసుకుని వెళ్లొచ్చాడు కూడా. మిగతా కథలు ఇంకా చదవలేదు, తొందర పెట్టట్లేదు.

ఎడిటర్ గారూ, మిమ్మల్ని అడిగేది ఒకటే. ఆదివారం నాడు మన జిల్లా పేజీలో ఒక చిన్న బాక్సు ఇవ్వండి, పాఠకులు ఇప్పుడు ఏం చదువుతున్నారో, ఎందుకు నచ్చిందో నాలుగు లైన్లు రాసుకునేలా. పెద్ద రివ్యూలు అక్కర్లేదండి, అవి వేరే వాళ్లు రాస్తారు. ఒక టైలరు, ఒక నర్సు, ఒక కండక్టరు ఏం చదువుతున్నారో తెలిస్తే నాలాంటి వాళ్లకి ధైర్యం వస్తుంది. మా ఊరి లైబ్రరీ నేను ట్రైన్ దిగేసరికి మూసేస్తారు, ఏ పుస్తకం కొనుక్కోవాలో చెప్పే మనిషి లేరు, పేపరు మాత్రం రోజూ ఇంటికి వస్తుంది.

పాఠకులకి కూడా ఒక మాట. అమ్మకి ఇంకా పెద్ద కథలు కావాలట, మన పక్క మాట ఉన్నవైతే బేగి అర్థమవుతాయంటోంది. నేను శ్రీకాకుళంలో పుట్టిన రావిశాస్త్రి గారి అల్పజీవి నవల తెచ్చాను, అందులో సుబ్బయ్య భయం చదువుతుంటే నాకే గుండె దడగా ఉంది, అమ్మకి చదవాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. మీ ఇళ్లల్లో ఎవరైనా పెద్దవాళ్లకి చదివి వినిపించి ఉంటే, వాళ్లు ఏ కథ దగ్గర ఇంకా సదువు అన్నారో ఈ పేపర్లోనే రాయండి, నేను కటింగ్ దాచుకుంటాను.

ఇట్లు
మీ పాఠకురాలు
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా