తెల్లబట్ట గురించి నా కూతురికి

చిట్టితల్లికి,

అమ్మ దీవెనలు. నిన్న ఫోన్లో గొంతు తగ్గించి "వైట్ డిశ్చార్జ్ ఎక్కువగా అవుతోందమ్మా, టెన్షన్‌గా ఉంది" అన్నావు. పక్కన రూమ్మేట్లు ఉన్నట్టున్నారు, నేను ఇంకేం అడిగినా "తర్వాత చెప్తాలే" అని పెట్టేశావు. రాస్తే తీరిగ్గా చదువుకుంటావని కూర్చున్నాను. ఏఎన్‌ఎంగా ఊళ్లు తిరిగే నాకు ఆడవాళ్లు చెవిలో చెప్పే మాటల్లో ఎక్కువ ఇదే. అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, తలుపు దగ్గర నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్తారు. నువ్వు నీ అమ్మకే అంత మెల్లగా చెప్పాల్సి రావడం నాకు నచ్చలేదు.

ఎముకలు కరిగి అలా పోతాయని, సన్నబడిపోతావని మీ హాస్టల్లో ఎవరో అన్నారట కదా. అది అబద్ధం. యోనిలోంచి వచ్చే ఆ ద్రవంలో ఉండేది గర్భసంచి ముఖద్వారం దగ్గర ఊరే జిగురు, లోపలి పొర నుంచి రాలే పాత కణాలు, కాస్త నీరు, మేలు చేసే బ్యాక్టీరియా. వయసొచ్చిన ఆడపిల్లకు రోజూ ఇది ఎంతో కొంత వస్తూనే ఉంటుంది. రోజు మొత్తంలో ఒకటి నుంచి నాలుగు మిల్లీలీటర్లు, అంటే చెంచాడు లోపే. చాలామందికి మొదటి నెలసరికి కొన్ని నెలల ముందే మొదలవుతుంది. ఏడో తరగతిలో నువ్వు "బట్టకి ఏదో అంటుకుందమ్మా" అని వచ్చింది అదే.

ఆ బ్యాక్టీరియాలో ముఖ్యమైనవి ల్యాక్టోబాసిల్లై. అవి అక్కడ ల్యాక్టిక్ ఆమ్లం తయారుచేసి ఆ చోటును పుల్లగా ఉంచుతాయి. పులుపును కొలిచే పీహెచ్ అక్కడ 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది కాబట్టి హాని చేసే క్రిములు అంత తేలిగ్గా పెరగలేవు. నల్ల ప్యాంటీ మీద ఒక చోట రంగు వెలిసిపోయి కనిపించేది ఆ పులుపు వల్లే. దాన్ని చూసి రోగమనుకునే పిల్లలు బోలెడుమంది.

నెలంతా ఒకేలా ఉండదు కూడా. పీరియడ్స్ అయిన వెంటనే కొన్నాళ్లు పొడిగా ఉంటుంది. తర్వాత తెల్లగా, కాస్త చిక్కగా వస్తుంది. అండం విడుదలయ్యే రోజుల్లో కోడిగుడ్డు తెల్లసొనలా పల్చగా, పారదర్శకంగా, వేళ్ల మధ్య పెట్టి లాగితే సాగేలా ఉంటుంది. అప్పుడే ఎక్కువ కూడా. ఆ తర్వాత మళ్లీ చిక్కబడి తగ్గుతుంది. ఆరాక బట్ట మీద లేత పసుపు మరకలా కనిపించడం మామూలే. వాసన బొత్తిగా ఉండదని కాదు, కొంచెం పుల్లటి వాసన ఉండొచ్చు, కానీ అది ముక్కు మూసుకునేలా ఉండదు. నీ క్యాలెండర్లో పీరియడ్స్ తేదీలు రాసుకుంటావుగా, రెండు మూడు నెలలు దాని పక్కనే ఇది కూడా ఒక ముక్క రాసుకో. నీ ఒంటికి ఏది మామూలో నీకు తెలిస్తే, మామూలు కానిది వచ్చినరోజు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇప్పుడు జాగ్రత్తపడాల్సినవి. విరిగిన పాల తరకల్లా గడ్డలు గడ్డలుగా వచ్చి, విపరీతమైన దురద, మంట, ఎరుపు ఉంటే చాలావరకు అది ఫంగస్, కాండిడా. యాంటీబయాటిక్స్ వాడాక, గర్భంతో ఉన్నప్పుడు, షుగర్ అదుపులో లేనప్పుడు ఎక్కువగా వస్తుంది. ఆడవాళ్లలో చాలామందికి ఎప్పుడో ఒకసారి వచ్చేదే, దీనికీ నడవడికకూ ఏ సంబంధమూ లేదు. పల్చగా, బూడిద రంగు కలిసిన తెలుపులో వచ్చి, చేపల నీచు వాసన కొడితే అది వేరు. లోపలి మంచి బ్యాక్టీరియా తగ్గి వేరేవి పెరిగాయన్నమాట, దురద ఉండకపోవచ్చు. పసుపు, ఆకుపచ్చ రంగులో నురగలా వస్తే ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి కావచ్చు. అది కలయిక వల్ల అంటుకుంటుంది కాబట్టి భార్యాభర్తలిద్దరూ మందులు వాడాలి. నీకు ఇప్పుడు అవసరం లేకపోయినా తెలిసి ఉండాలి, పెళ్లయ్యాక నీకు ఈ మాట చెప్పేవాళ్లు నీ పక్కన ఉంటారో లేదో.

వీటికి మందులు వేరువేరు. ఫంగస్ మందు బ్యాక్టీరియాకు పనిచేయదు, బ్యాక్టీరియా మందు ఫంగస్‌ను ఇంకా పెంచొచ్చు. అందుకే మెడికల్ షాపులో అడిగి కొనుక్కోవద్దని అంటున్నాను. వీటితోపాటు పొత్తికడుపులో నొప్పి, జ్వరం ఉంటే ఒక్కరోజు కూడా ఆగకు. లోపల గర్భసంచికీ ట్యూబులకీ ఇన్ఫెక్షన్ పాకితే తర్వాత పిల్లలు పుట్టడం కష్టం కావచ్చు.

అన్నిటికన్నా ఎక్కువ గుర్తుపెట్టుకోవాల్సింది ఇంకొకటుంది, ఇది నానమ్మకీ పెద్దమ్మకీ కూడా చెప్పు. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు మళ్లీ రక్తపు చుక్క కనిపించినా, దుర్వాసనతో రక్తం కలిసిన నీళ్లలా వస్తున్నా, కలయిక తర్వాత రక్తం కనపడినా వెంటనే చూపించుకోవాలి. అన్నీ క్యాన్సరే కానక్కర్లేదు గానీ, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అలాగే బయటపడుతుంది. మా పీహెచ్‌సీల్లో ముప్పై ఏళ్లు దాటినవాళ్లకు వెనిగర్ లాంటి పల్చటి యాసిటిక్ ఆమ్లం రాసి చూసే పరీక్ష ఉంది. నిమిషాల్లో అయిపోతుంది. రమ్మంటే సిగ్గుతో రారు.

సిగ్గు వల్ల రానివాళ్లు ఒకవైపు, భయం వల్ల నష్టపోయేవాళ్లు ఇంకోవైపు. ఈ రెండోదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. తెల్లబట్ట అవుతోందని వెళ్లిన మనిషికి ముందు ఆర్ఎంపీ బలం ఇంజెక్షన్ వేస్తాడు. తగ్గకపోతే స్కానింగ్. "గర్భసంచి పాడైంది, పుండు పడింది, తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అంటారు. పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకులే అని ఇంట్లోవాళ్లూ ఒప్పేసుకుంటారు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. మన ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మనవే. అధిక రక్తస్రావం, గడ్డలు లాంటి సరైన కారణాలతో చేయించుకున్నవాళ్లూ అందులో ఉన్నారు. కానీ మందుబిళ్లలతో పోయే ఇన్ఫెక్షన్‌కు, లేదా అసలు రోగమే కానిదానికి, ముప్పై దాటకుండానే ఆపరేషన్ చేయించుకున్నవాళ్లను నేను నా కళ్లతో చూశాను. అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజన్ ఆగిపోయి ఎముకలు నిజంగానే గుల్లబారతాయి. తెల్లబట్టతో ఎముకలు కరుగుతాయన్న భయంతో వెళ్లినవాళ్లకు చివరికి దక్కింది అదీ.

నీరసం ఉంటే రక్తం పరీక్ష చేయించాలి, మన పిల్లల్లో రక్తహీనత ఎక్కువ. మనసు బాగోకపోయినా ఒంట్లో ఏదో పోతున్నట్టే అనిపిస్తుంది. గోవాలో రెండు వేల మందికి పైగా ఆడవాళ్లను పరీక్షించి చూస్తే, తెల్లబట్ట ఫిర్యాదుకు ఇన్ఫెక్షన్ కన్నా దిగులు, ఇంట్లో కష్టాలతోనే ఎక్కువ సంబంధం కనిపించింది. సెమిస్టర్ పరీక్షల ముందు నీకు నిద్ర పట్టడం లేదని కూడా అన్నావు. అదీ చూసుకో.

ఇంకో మాట. పోయినసారి మీ హాస్టల్‌కు వచ్చినప్పుడు బాత్రూంలో దండెం చూశాను. టవల్ కింద చున్నీ, చున్నీ కింద లోబట్టలు, అన్నీ తడితడిగా, వాసనేస్తూ. అలా ఆరీ ఆరని బట్ట కట్టుకుంటే దురదలు రాక ఏం వస్తాయి? మేడ మీద ఎండలో ఆరేయండి, ఎవరు చూస్తే ఏమిటి. కాటన్‌వే వాడు. స్నానంలో బయటి భాగం మామూలు నీళ్లతో కడుక్కుంటే చాలు, లోపల సబ్బు, డెట్టాల్, టీవీ ప్రకటనల్లోని వాష్‌లు ఏవీ పోయొద్దు. లోపల తనను తానే శుభ్రం చేసుకుంటుంది. కడిగితే ఆ మంచి బ్యాక్టీరియా పోతుంది. పెరుగు రాసుకోమని ఎవరైనా చెప్పినా వినకు.

ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు ఇవి చెప్పు: రంగేమిటి, వాసన ఉందా, దురద గానీ మంట గానీ ఉందా, పోయిన పీరియడ్స్ ఏ తేదీ, ఈమధ్య యాంటీబయాటిక్స్ వాడావా. దురదా, చెడు వాసనా లేకుండా, సాగేలా వస్తుంటే ఊరికే వదిలెయ్. దురద, మంట, చెడు వాసన, వీటిలో ఏది ఉన్నా కాలేజీ దగ్గర లేడీ డాక్టర్‌కు చూపించుకో. ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఇలాంటి ఇన్ఫెక్షన్లు చూసే సురక్ష క్లినిక్ కూడా ఉంటుంది, మందులు ఉచితం, పేరు బయటికి రాదు. ఒక్కదానివే వెళ్లడానికి ఇబ్బందైతే చెప్పు, సెలవు పెట్టి వస్తాను.

ఉంటానమ్మా,
మీ అమ్మ